అన్నీ తీసిన

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో వాళ్లు దాన్ని రోగం అంటారు, నేను విద్య అంటాను. ముస్తాబాద్ చౌరస్తా దగ్గర కంప్యూటర్ల రిపేరు దుకాణం నడుపుతున్న దాన్ని, ఎవరి మాటైనా నమ్మితే నా బతుకు గడవదు. "నేనేం చెయ్యలేదక్కా, దానంతటదే ఆగింది" అంటూ వచ్చే ప్రతి మనిషీ ఏదో ఒకటి చేసే వస్తాడు. అందుకే చేనేత సంఘం అధ్యక్షుడు భూపతి పొద్దున్నే ఫోన్ చేసి, "త్రివేణమ్మా, మా ఆఫీసుల దొంగతనమైంది, జెర జల్ది రా" అన్నప్పుడు నేను మొదట అనుమానించింది భూపతినే. దొంగతనమైతే పోలీసులను పిలవాలి గానీ నన్నెందుకు పిలుస్తాడు?

సంఘానికి కింద చీరల షోరూం, మీద ఆఫీసు గది. నేను వెళ్లేసరికి భూపతి మీద గదికి తాళం వేసి, మెట్ల మీద కాపలా నిలబడ్డాడు. కింద షోరూం అరుగు మీద సౌమ్య కూర్చుని ఉంది. సౌమ్య ఆ ఆఫీసులో ఆపరేటరు, చిన్నకోడూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. నన్ను చూసి "అక్కా" అంటూ లేచింది. భూపతి ఉరిమి చూసేసరికి మళ్లీ కూలబడింది.

"ఆమెతోని మాట్లాడకు," అంటూ భూపతి నన్ను మీదికి తీసుకుపోయాడు.

"ఏం పోయింది సార్?"

"నర్సయ్య వేసిన పాత గొల్లభామలన్నీ పోయినయ్. డబ్బా మొత్తం ఖాళీ చేసింది."

ఆ డబ్బా సంగతి చెప్పకపోతే ఈ కథ ఎవరికీ తలకెక్కదు. నర్సయ్య సంఘంలో పెద్దాయన, చీరల మీది గొల్లభామలకు గ్రాఫులు గీసే మనిషి. తల మీద కుండతో నడిచే ఆ పిల్లను జీవితమంతా రకరకాలుగా నడిపించాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, గీత నిలబడడం లేదు. ఆయన గీసినవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప కదలదు. అందుకని ఒక కొత్త సర్వర్ కొని, దాని కడుపులో పాత కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ వేశారు. వర్చువల్ మిషన్ అంటారు దాన్ని. అత్తగారింట్లోనే వేరు పొయ్యి పెట్టుకున్న కోడలి లాంటిది. ఇల్లు ఒకటే, కాపురం వేరు. ఆ లోపలి కంప్యూటర్‌కు రోజూ ఒక పూర్తి నకలు తయారై, నెట్‌వర్క్ వైరు మీదుగా గోడకున్న నల్ల డబ్బాలోకి పోతుంది. సర్వర్ కాలిపోయినా నకలు మిగులుతుందని. నర్సయ్య పాత గ్రాఫుల స్కాన్లు కూడా ఆ డబ్బాలోనే ఉన్నాయి. వాటికి వేరే కాపీ లేదు.

"ఖాళీ అయిందని ఎవరు చెప్పిన్రు?"

"నా కండ్లతోని చూసిన." భూపతి తన లాప్‌టాప్ తెరిచి చూపించాడు. ఈ మధ్యే కొన్నది, ఇంకా మూత మీది ప్లాస్టిక్ కూడా పీకలేదు. అందులో నల్ల డబ్బా ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"వైరు ఊడిందేమో సార్."

"వైరు గియిరు కాదు. ఆమెనే ఒప్పుకున్నది."

"ఏమని ఒప్పుకున్నది?"

"నిన్న పొద్దుమూకి హైదరాబాద్ ఎగ్జిబిషన్ నుంచి వచ్చి నా లాప్‌టాప్ల చూస్తె ఏం లేవు. ఫోన్ చేసి పాతయి ఏవి అని అడిగిన. 'తీసిన సార్' అన్నది. నేను నమ్మలే. మల్ల అడిగిన. 'అన్నీ తీసిన, ఒక్కటి గూడ ఇడువలే' అన్నది. ఎంత ధైర్యం చూడు."

ముంచిన వాళ్లు ఎంతోమంది నా దుకాణానికి వచ్చారు గానీ ఇంత నిబ్బరంగా చెప్పినవాళ్లు లేరు.

"మొగడు యాడ ఉంటడో ఎర్కేనా?" భూపతి గొంతు తగ్గించాడు. "భివండిల. పవర్‌లూమ్ల పని."

ఇంక విడమర్చి చెప్పాల్సిన పని లేదు. నర్సయ్య గొల్లభామ భివండి పవర్‌లూమ్ మీదికి ఎక్కిందంటే, సిద్దిపేటలో మగ్గం మీద నేసిన చీరను అడిగే నాథుడు ఉండడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ క్షణాన నాకూ పొగే కనిపించింది.

"సాయంత్రం కమిటీ కూసుంటది," అన్నాడు భూపతి. "ఆమె ఎప్పుడు తీసిందో, ఎట్ల పంపిందో ఎతికి చెప్పు. ఉద్యోగం పీకి, ఠాణాల కేసు పెడ్తం."

"అయితే ముందు ఆమె కంప్యూటర్ చూస్త."

"ముట్టకు. గది సాక్ష్యం."

సౌమ్య బల్ల వైపు చూసి నోరు తెరిచాను. ఆ పాత కంప్యూటర్‌కు అడ్డంగా నిలువుగా నూలుదారం చుట్టి, ముడి మీద సంఘం రబ్బరు ముద్ర కొట్టిన కాగితం అంటించి ఉంది. తెర మీద ఒక పెద్ద గుడ్డ కప్పారు. రాత్రి కరెంటు పోయి ఆగిపోయిందట, పోలీసులు వచ్చేదాకా అలాగే ఉండాలట. మనిషి పోయినప్పుడు కూడా ఇంత పద్ధతిగా ఎవరూ గుడ్డ కప్పరు.

సరే, దాన్ని వదిలేసి నా పని మొదలుపెట్టాను. నల్ల డబ్బాకు వైరు గట్టిగానే ఉంది, పచ్చ లైటు వెలుగుతోంది. నా లాప్‌టాప్ కలిపి చూశాను. నాకూ డబ్బా కనిపించలేదు. డబ్బా అమ్మిన హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేస్తే, ఏమైందో అడగకుండానే "ఆ మోడల్ పాతబడింది మేడం, కొత్తది తీసుకోండి" అన్నాడు. రోగం వినకుండా మందు చెప్పేవాడిని నేను చచ్చినా నమ్మను. అనుమానాల్లో వాడినీ చేర్చుకున్నాను.

డబ్బాకు సొంతంగా ఒక సెట్టింగుల పేజీ ఉంటుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. దానికి ఫోల్డర్లతో పని లేదు. ఆ పేజీ తెరిచి, జాగా ఎంత నిండిందో చూశాను. మూడొంతులు నిండి ఉంది.

"సార్, ఖాళీ చేసిందంటున్నరు. మరి గింత ఎట్ల నిండి ఉన్నది?"

భూపతి వంగి చూశాడు. "గది గూడ ఆమె మాయనే."

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం ఈయన. నాకు చిర్రెత్తింది. దానికి తోడు, నేనేమీ అడగకుండానే "నేనైతే డబ్బను ముట్టలేదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. ఇద్దరూ కలిసి ఏదో నాటకం ఆడుతున్నారా, లేక ఈయనే తీసి ఆ పిల్ల మీద పెడుతున్నాడా? తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూశాను. ఆయనా నన్ను అలాగే చూశాడు. నన్ను పిలిచి తప్పు చేశానని అనుకుంటున్నాడని అర్థమైంది.

సర్వర్‌లోకి పోయి నకళ్ల లెక్క చూశాను. అక్కడ అసలు సంగతి బయటపడింది. కిందటి నెల దాకా ప్రతి రోజూ నకలు డబ్బాకు చేరింది. ఆ తర్వాత ఒక్కటీ చేరలేదు. ప్రతి రోజూ ఎర్ర గుర్తే. సౌమ్య ఫోల్డర్ల జోలికి పోయింది భూపతి ఎగ్జిబిషన్‌కు పోయినప్పుడు అయితే, నకళ్లు నెల కిందటే ఎందుకు ఆగాలి?

"కిందటి నెల సర్వర్‌కు ఏం చేసిన్రు సార్?"

"ఏం చేయలే. సాఫ్ట్‌వేర్ కంపెనోళ్లు దూరంకెల్లే కొత్త వెర్షన్ ఎక్కించిన్రు. ఫ్రీ అన్నరు, సరే అన్న."

"నకలు పోతలేదని మెయిల్ రాలేదా?"

"వస్తయ్ గని ఇంగ్లీషుల ఉంటయ్. ఎవడు చదువుతడు?"

ఎర్ర గుర్తు మీద నొక్కితే కారణం వచ్చింది. నెట్‌వర్క్‌లో ఒక మిషన్ ఇంకో మిషన్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది. నల్ల డబ్బాకు వచ్చింది ఆ పద్ధతిలో బాగా పాత రకం. దాంట్లో దొంగలు దూరే సందులున్నాయని, కొత్త వెర్షన్ దాన్ని పక్కన పెట్టేసింది. డబ్బా పాత పద్ధతిలో పలకరిస్తుంటే, సర్వర్ మొహం తిప్పుకుంటోంది. అనుమానం మనుషుల జబ్బే అనుకున్నాను ఇన్నాళ్లూ, సాఫ్ట్‌వేర్‌కూ అంటుకుంది. భూపతి కొత్త లాప్‌టాప్‌దీ అదే తీరు, నా లాప్‌టాప్‌దీ అదే. డబ్బా ఖాళీ అయి కాదు, ఈ కొత్త మిషన్లు దాన్ని లెక్కచేయక కనిపించలేదు. పాత మిషన్ అయితే చూడగలదు. ఆ గదిలో పాత మిషన్ ఒక్కటే, నూలుదారం కట్టుకుని గుడ్డ కప్పుకుని ఉంది.

మరి "అన్నీ తీసిన" అని ఆ పిల్ల ఎందుకు ఒప్పుకుంది? అదొక్కటే నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. చాయ్ తాగొస్తానని భూపతికి చెప్పి కిందికి దిగాను.

సౌమ్య అరుగు మీదే ఉంది. పక్కన టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"సౌమ్యా, ఉన్నదున్నట్టు చెప్పాలె. పాతయి తీసినవా?"

"తీసిన అక్కా."

"ఎందుకు తీసినవ్?"

"సారే చెప్పిండు గద. ఎగ్జిబిషన్ నుంచి ఫోన్ చేసి, 'పాత గొల్లభామలు తీసి ఉంచు, వచ్చి చూస్త' అన్నడు. నేను అట్లనే తీసి ఉంచిన."

"తీసి యాడ ఉంచినవ్?"

"యాడ ఉంచుత? నా కంప్యూటర్లనే. ఒక్కొక్క ఫోల్డర్ తీసి, తెర మీద వరుసకు పెట్టిన. ఎవరన్న బందు చేస్తరేమో అని ఆయమ్మకు గూడ చెప్పి పోయిన."

నేను ఆమె వైపు పూర్తిగా తిరిగాను.

"సౌమ్యా, తలుపు తీసినట్టు తీసినవా, పన్ను తీసినట్టు తీసినవా?"

ఆమె నా మొహంలోకి చూసింది. ముందు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది.

"తలుపు తీసినట్టే అక్కా. పన్ను తీసినట్టు ఎందుకు తీస్త?" అంది. "సార్ గట్ల అనుకున్నడా? మరి తీసి యాడ ఉంచినవని ఒక్క మాట అడగొద్దా?"

నాకు సిగ్గేసింది. మీద గదిలో నేనూ ఆమెను భివండి బండి ఎక్కించేసినదాన్నే. ఏమీ తోచక, "నువ్వు అన్నం తిను, నేను చూసుకుంట" అన్నాను.

"అన్నం పోతదా అక్కా? పొద్దున సార్ శివకు ఫోన్ చేసిండు." శివ ఆమె భర్త. "నీ పెండ్లాం డిజైన్లు నీకు పంపిందా అని అడిగిండట. శివ నాకు చేసి, 'నిజం చెప్పు, ఎవనికి అమ్మినవ్' అన్నడు. నాకు గీ ఉద్యోగం పోయినా ఏదో ఒకటి చేసుకుంట. కేసు పెట్టినా కొట్లాడుత. గని శివ గూడ గట్ల అడిగిండు."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు బాగుండేది, ఓదార్చడమన్నా తెలిసేది. పైట కొంగుతో టిఫిన్ డబ్బా మూతను ఊరికే తుడుస్తూ కూర్చుంది.

నేను మీదికొచ్చి భూపతికి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్తే నమ్మే రకం కాదు, చూపించాలి. డబ్బాకు దాని కంపెనీ వాళ్లే ఎప్పుడో వదిలిన కొత్త సాఫ్ట్‌వేర్ ఉంది, ఇన్నేళ్లూ ఎవరూ ఎక్కించలేదు. అది ఎక్కించాను. ఎక్కుతున్నంతసేపూ డబ్బా లైటు మినుకుమినుకుమంటుంటే నా ధ్యాసంతా కరెంటు మీదే. మధ్యలో కరెంటు పోతే డబ్బా ఇటుకతో సమానం. పోలేదు. తర్వాత సెట్టింగుల్లోకి పోయి, పాత పద్ధతి దగ్గరే ఆగమని ఉన్నదాన్ని మార్చి కొత్త పద్ధతికి ఒప్పించాను. సర్వర్‌లో డబ్బా దారిని తీసేసి మళ్లీ కలిపాను. ఎర్ర గుర్తు పోయింది. నకలు కదలడం మొదలైంది.

"సార్, ఇప్పుడు మీ లాప్‌టాప్ల చూడుండ్రి."

భూపతి చూశాడు. ఫోల్డర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ నొక్కుతూ, "యాడికెల్లి తెచ్చినవ్?" అన్నాడు. ఆయన అనుమానం ఇప్పుడు నా మీదికి మళ్లింది.

"నేను తేలే సార్. ఆడనే ఉండె. మీకు కనవడలే, అంతే."

"మరి తీసిన అన్నది గద."

"తీసి ఉంచుమని మీరే అన్నరట. తెరిచి ఉంచింది. మీరేమో తీసేసింది అనుకున్నరు."

"ఏమో, అన్ననో లేదో," అన్నాడు. గుర్తొచ్చిందని మొహమే చెబుతోంది.

సాయంత్రం కమిటీ వాళ్లు వచ్చారు. నర్సయ్య కూడా కర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కి వచ్చాడు. సౌమ్యను గుమ్మం దగ్గర నిలబెట్టారు. నకలు డబ్బాకు చేరిందంటే చాలదు, దాన్ని లేపి చూస్తేనే నమ్మాలి. నా విద్యలో మొదటి పాఠం అది. అందరి ముందూ ఆ నకలు నుంచి లోపలి కంప్యూటర్‌ను వేరే పేరుతో లేపాను. పాత విండోస్ బద్ధకంగా లేచింది. డిజైన్ల సాఫ్ట్‌వేర్ తెరిచి, ఒక గొల్లభామను తెర మీద నిలబెట్టాను. తర్వాత డబ్బాలోంచి పాత స్కాన్ ఒకటి.

నర్సయ్య తెరకు దగ్గరగా మొహం పెట్టి చూశాడు. "గిది నాదే," అన్నాడు. "గీ కుండ వంకర పోయింది చూడు. గప్పుడు మా కొమురవ్వకు పాణం బాగలేకుండె, దవాఖానల కూసోని గీసిన." ఆయన వేలు తెర మీద ఆ కుండ చుట్టూ వణుకుతూ తిరిగింది. అంతా ఉందని ఊపిరి పీల్చుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

నేను జరిగింది మొత్తం విప్పి చెప్పాను. పద్ధతుల గొడవ సగం మందికి ఎక్కలేదు గానీ, తీసిన మాట దగ్గర అందరూ నవ్వారు. భూపతి అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"మాట అటిటు అయింది. ఏం పోలేదు గద, అయిపాయె. సౌమ్యా, రేపు పొద్దుగాల ఎప్పటి లెక్కనే రా," అన్నాడు.

అప్పుడే సౌమ్య చేతిలో ఫోన్ మోగింది. శివ. ఆమె తెర వైపు చూసి, ఎత్తకుండా నాకిచ్చింది.

"మీరు చెప్పుండ్రక్కా. నేను చెప్తె నమ్మడు."

నేను చెప్పాను. కంప్యూటర్ దుకాణం త్రివేణిని అని చెప్పుకుని, ఏదీ పోలేదనీ, సౌమ్య ఎవరికీ ఏదీ ఇవ్వలేదనీ, తప్పు మిషన్లదనీ అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. అవతల శివ అంతా విన్నాడు.

"మీరు మంచిగనే చెప్తున్నరు అక్కా," అన్నాడు చివరకు. "ఒక్కసారి భూపతి సార్‌కు ఇయ్యుండ్రి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నుంచి డబ్బాతో కుస్తీ పట్టింది నేను, కడుపు మాడ్చుకుని అరుగు మీద కూర్చుంది శివ భార్య. మా ఇద్దరి మాటా చెల్లదు. దొంగ అన్నవాడి మాటే చెల్లుతుంది. ఏం చేస్తాను, ఫోన్ ఇచ్చాను.

"శివా, ఏం లేదు. అంత మంచిగనే ఉన్నది," అన్నాడు భూపతి. "నీ పెండ్లాం మంచిదే. పరేషాన్ గాకు."

"మీరు చెప్పిన్రు గద సార్, చాలు," అని అవతల నుంచి వినబడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. భూపతి కాల్ ఆపి, పెద్ద ఉపకారం చేసిన మొహంతో ఫోన్ సౌమ్యకు చాపాడు.

ఆమె అందుకోలేదు.

"మల్ల చేయుండ్రి సార్."

"ఎందుకమ్మా, చెప్పిన గద."

"నేను మంచిదాన్నని చెప్పిన్రు. గది ఆయనకు మీరు చెప్పాల్నా? తీసి ఉంచుమని నాకు చెప్పింది మీరే అని చెప్పుండ్రి. తీసి యాడ ఉంచినవని ఒక్క మాట అడగకుండ నన్ను దొంగను చేసిన్రని చెప్పుండ్రి. నేను వినాలె."

ఎవరో దగ్గారు. భూపతి కిటికీలోంచి బయటికి చూసి, "నీ బస్సు పోతదమ్మా," అన్నాడు.

"పోనీయుండ్రి సార్," అని సౌమ్య తన కుర్చీ లాక్కుని, కమిటీ వాళ్ల మధ్య బల్ల దగ్గర కూర్చుంది.

భూపతి సాయం కోసం అందరి మొహాలూ చూశాడు. నా మొహం మాత్రం చూడలేదు. చివరకు నర్సయ్య దగ్గర ఆగాడు.

"చెయ్యి భూపతీ," అన్నాడు నర్సయ్య. "ఆ పిల్ల అడిగింది తప్పు కాదు."

భూపతి నంబరు నొక్కాడు. అవతల రింగవుతుండగా సౌమ్య ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని, స్పీకర్ పెట్టి, బల్ల నడుమ ఉంచింది.